చేత్తో తిప్పిన వెలుగు

పోయిన ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, గుణదలలో మా ఇంటి వరండాలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుకుంటూ ఉండగా ఫోను మోగింది. అవతల ఎవరో కుర్రవాడు, ఇంజనీరట, మాటలో మంచి మర్యాద ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న మా పాత దీపస్తంభాన్ని బాగుచేస్తున్నారట, పైనున్న పాత అద్దాల యంత్రాన్ని కిందికి దింపి, చూడవచ్చే జనం కోసం ఒక గదిలో మళ్లీ తిరిగేలా అమర్చుతున్నారట. కాగితాలన్నీ ఎప్పుడో తడిసి పాడైపోయాయండీ, ఆ యంత్రం ఒక చుట్టు తిరగడానికి ఎన్ని సెకండ్లు పట్టేదో చెప్పగలవాళ్లు ఎవరూ మిగల్లేదండీ, మీ నాన్నగారు అక్కడ హెడ్ కీపరుగా చేశారని తెలిసి అడుగుతున్నానండీ, అన్నాడు. ఇరవై నాలుగు, అన్నాను. ఆలోచించి చెప్పింది కాదు. నోరు చెప్పేలోపే నా కుడి చెయ్యి చేట మీంచి లేచి, గాల్లో దేన్నో నెడుతున్నట్టు నెమ్మదిగా కదిలింది. అతను సంతోషపడి పెట్టేశాడు. నేను మాత్రం ఆ చేట అలాగే ఒళ్లో పెట్టుకుని, పనిమనిషి వచ్చి లైటు వేసేదాకా కూర్చుండిపోయాను.

నా ఈడు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, మన వయసుకి వచ్చేసరికి నిన్న తిన్న కూరేమిటో గుర్తుండదు గానీ యాభై ఏళ్ల కిందటి వాసనలు మాత్రం ముక్కు దగ్గరే తచ్చాడుతూ ఉంటాయి. నావి ఇంకా మొండివి. నిద్రలో నా చెయ్యి మంచం పట్టెను నెడుతూ ఉంటుందని మావారు చెప్పి నవ్వేవారు, ఏం నెడుతున్నావే అర్ధరాత్రి, బస్సా, అని ఏడిపించేవారు, నేను ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. ఆయన పోయారు, నాన్న అంతకు చాలా ముందే పోయారు, అమ్మా పోయింది. ఆ వెలుగు గురించి నేను నిజం చెప్పవలసిన మనిషి మాత్రం ఒకతె ఆ ఫోను వచ్చేనాటికి ఇంకా మిగిలి ఉంది, ఆ సముద్రం ఒడ్డునే, నన్ను అక్కా అని పిలిచే మనిషి. చెప్పకుండానే వెళ్లిపోతానేమోనన్నది నా భయం. చెబితే ఇంకెప్పుడూ అక్కా అని పిలవదేమోనన్నది అంతకంటే పెద్ద భయం. ఈ రెండు భయాల మధ్య నలభై ఏళ్ల పైన గడిపేశాను, పిరికిదాన్ని కాబట్టి.

నాన్నకి అక్కడికి బదిలీ అయ్యేనాటికి నాకు పద్నాలుగేళ్లు. డెబ్బై రెండో సంవత్సరం. విజయవాడలో బస్సెక్కితే అవనిగడ్డ దాకా ఒక పూట, అక్కడినుంచి నాగాయలంకకి మరో బస్సు, ఆ పైన ఉప్పుటేరు వెంట మడచెట్ల మధ్యనుంచి నాటు పడవ, పడవ దిగాక ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఇసకలో నడక. ఇంతా చేసి చేరితే అక్కడున్నవి ఒక తెల్లటి గోపురం, దాని పక్కన రెండు పెంకుటిళ్లు, చుట్టూ సర్కారు తుమ్మ, ఎదురుగా సముద్రం. అమ్మ గుడివాడ దగ్గరి పల్లెలో పదిమంది ఆడవాళ్ల మధ్య పెరిగిన మనిషి, పలకరించడానికి కాకులైనా లేవని మొదటి నెలంతా ఏడ్చింది. ఆదివారాలు ప్రార్థనకి మేము ముగ్గురమే, నాన్న వాక్యం చదివితే అమ్మ పాడేది, సముద్రం హోరులో ఆమె గొంతు ఆమెకే వినపడేది కాదు. నన్ను అవనిగడ్డ హాస్టల్లో వేశారు, సెలవులకి మాత్రం వచ్చేదాన్ని, ఇంటరు అయ్యాక టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు పూర్తిగా అక్కడే ఉండిపోయాను. నేను చెప్పబోయేది ఆ రెండేళ్ల సంగతే.

మీలో చాలామంది దీపస్తంభాన్ని దూరంనుంచి చూసి ఉంటారు, లోపల జరిగే చాకిరీ చూసి ఉండరు. నూట ఇరవై ఎనిమిది మెట్లు, పైన ఒక గాజు గది, ఆ గదిలో మనిషికంటే ఎత్తయిన అద్దాల గూడు, దాని నడుమ కిరసనాయిలు ఆవిరితో మండే దీపం. పెట్రోమాక్సుకి ఉన్నట్టే దానికీ ఒక బత్తి ఉండేది, ఊపిరి గట్టిగా తగిలినా రాలిపోయేది. ఆ అద్దాల గూడు మొత్తం పాదరసం తొట్టిలో తేలుతూ ఉండేది, అంత బరువూ ఒక్క వేలితో నెడితే కదిలేది. దాన్ని తిప్పడానికి గోడగడియారంలో ఉన్నట్టే ఒక యంత్రం, ఆ యంత్రానికి గొలుసుతో వేలాడే రెండు బస్తాల బరువున్న ఇనప గుండు. గుండు గోపురం నడుమ నెమ్మదిగా కిందికి దిగుతూ పైన అద్దాలను తిప్పేది, పూర్తిగా దిగకముందే హేండిల్ తిప్పి మళ్లీ పైకి లాగాలి. సూర్యుడు దిగినప్పటినుంచి పొడిచేదాకా ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. పగలేమో గాజుల చుట్టూ తెరలు దించి ఉంచాలి, లేకపోతే ఆ అద్దాలు ఎండను ఒకచోటికి చేర్చి మంట పుట్టిస్తాయి. ఒకరోజు తెర దించడం మరిచి నా ఓణీ కొంగు కాల్చుకున్నాను కూడాను. పాదరసంలో దుమ్ము చేరితే తోలుగుడ్డలో వడకట్టేవాళ్లం, అరచేతిలో పోసుకుని ఆడుకునేదాన్ని, అది విషమని మాకెవరూ చెప్పలేదు.

ఆ ఇంట్లో పెరిగినవాళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది, లెక్క జబ్బు. చుట్టుకి ఇరవై నాలుగు సెకండ్లు, పన్నెండు సెకండ్లకి ఒక మెరుపు. పడుకున్నా, తింటున్నా, అమ్మతో పోట్లాడుతున్నా లోపల ఎక్కడో ఆ లెక్క నడుస్తూనే ఉండేది. కిటికీ మీద మెరుపు ఒక్క అర సెకండు ఆలస్యమైతే చాలు, గాఢనిద్రలో ఉన్న నాన్న లేచి కూర్చునేవారు, ఆయనతో పాటు నేనూ లేచేదాన్ని. వెలుగు ఆగడమన్నది మాకు ఇంట్లో మనిషి ఊపిరి ఆగడంతో సమానం. ఇది గొప్పకి చెప్పడం లేదు, తరవాత జరిగింది మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

గోపురానికి మైలు లోపు ఒక పాలెం ఉండేది, ముప్పై గుడిసెలు, చేపలవేట వాళ్లు. అక్కడినుంచి ఒకామె రోజూ ఇసకలో తవ్విన చెలమనుంచి మాకు మంచినీళ్లు తెచ్చి పోసేది, నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను అమ్మాయిగారూ అనేది. అత్త కూతురు నాకంటే రెండేళ్లు చిన్నది, పెళ్లయి చంకలో పిల్లాడు, నన్ను అక్కా అని పిలిచి చెవులు చిల్లులు పడేలా కబుర్లు చెప్పేది. ఆ ఎడారిలో నాకు ఉన్న ఒకే ఒక స్నేహితురాలు. నేను చదివిన వారపత్రికల కథలు దానికి చెబితే, అది నాకు చేపలను చూసి సముద్రం సంగతి ఎలా చెప్పాలో నేర్పింది, నాకు ఒక్కటీ వంటపట్టలేదు.

డెబ్బై ఏడు వేసవిలో ఒక గాలివాన వచ్చింది. పైన గాజు ఒకటి పగిలి, దీపం బత్తి రాలిపోయి, కాసేపు వెలుగు ఆగిపోయింది. ఆగిన వెలుగును చూసి పాలెం అంతా హడలిపోయి పిల్లాపాపలతో, కోళ్లతో, తడి వలలతో మా గోపురంలోకి వచ్చిపడ్డారు. నాన్న ఎవర్నీ వెళ్లిపొమ్మనలేదు. తెల్లవారాక వాళ్లు వెళ్లిపోయారు, మెట్ల నిండా పొలుసులు, కోళ్ల రెట్టలు, నీచువాసన. రెండురోజులు పట్టింది నాకు ఆ నూట ఇరవై ఎనిమిది మెట్లూ కడగడానికి, మోకాళ్ల మీద కూర్చుని కొబ్బరిపీచుతో. ఇంకా పూర్తికాకుండానే తనిఖీకి ఒక పై ఆఫీసరు వచ్చి, గోడకి చిక్కుకున్న వలపోగు చూసి, ఇది సర్కారు కట్టడమా చేపల బజారా అని మా అందరి ముందూ నాన్నను నిలదీశాడు. నాన్న తలవంచుకుని నిలబడ్డారు. ఆరోజు ఆయన అన్నం తినలేదు.

ఆ ఏడు నవంబరులో ఉప్పెన వచ్చిన శనివారం గురించి మన తరానికి కొత్తగా చెప్పేదేముంది, దివిసీమ పేరు వింటే ఇప్పటికీ మనవాళ్ల గొంతు మారిపోతుంది. ముందురోజు నుంచే గాలి. రేడియోలో తుఫాను మాట వస్తూనే ఉంది, ఏటా రెండు మూడు సార్లు వింటూనే ఉండేవాళ్లం కాబట్టి ఎవరికీ కొత్తగా అనిపించలేదు. నాన్నకి తోడుగా ఉండాల్సిన అసిస్టెంటు సెలవు మీద బందరు వెళ్లి చిక్కుకుపోయాడు. మధ్యాహ్నం అత్త నీళ్లు మోసుకుని వచ్చింది, ఆ గాలిలో ఎలా వచ్చిందో, బిందెలో సగం నీళ్లే మిగిలాయి. మగవాళ్లు పడవలు ఒడ్డుకు లాగి కట్టేస్తున్నారంది. గడపలో నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నన్ను అడిగింది.

“పిల్లల్ని తీసుకుని ఇటు వచ్చేయమంటారా అమ్మాయిగారూ?”

నాన్న పైన ఉన్నారు, అమ్మ వంటింట్లో ఉంది, అడిగింది నన్ను. “లైటు ఆగితే వచ్చేయండత్తా. తిరుగుతున్నంతసేపూ భయం లేదు,” అన్నాను.

సరేనని తలూపి వెళ్లిపోయింది. ఆ మాట నాన్న పరువు కాపాడటానికి అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మళ్లీ ఆ మెట్లు కడగలేక అన్నాను. నా కళ్ల ముందు ఆ క్షణాన కనిపించింది గాలీ కాదు, సముద్రమూ కాదు, పొలుసులంటిన మెట్లు. పందొమ్మిదేళ్ల పిల్ల బద్ధకం, అంతే. గాలి నిజంగా ముదిరితే వేసవిలో లాగే వెలుగు ఎలాగూ ఆగుతుంది, అప్పుడు వస్తారులే, అనుకుని ఆ సంగతే మరిచిపోయాను.

మూడు గంటలకే చీకటి కమ్మింది. నాన్న అప్పుడే దీపం వెలిగించారు. అమ్మను పెట్టెతో సహా తెచ్చి గోపురం మెట్ల మీద సగం ఎత్తులో కూర్చోబెట్టాం, ఇంటి పెంకులు అప్పటికే ఆకుల్లా ఎగిరిపోతున్నాయి. నేను నాన్నకి సాయంగా పైకి వెళ్లాను. గోపురం ఊగుతోంది. రాతి కట్టడం ఊగుతుందని నాకు అంతవరకూ తెలియదు. తొట్టిలో పాదరసం అటూ ఇటూ తొణికి నేల మీద గోళీల్లా దొర్లుతోంది. గాజుల బయట ఏమీ లేదు, ఒక బూడిద రంగు అరుపు తప్ప. నాన్న ఒక పగిలిన గాజుకి రేకు బిగించడానికి బయటి నడవలోకి వెళ్లారు, నడుముకి తాడు కట్టుకుని. సరిగ్గా అప్పుడే గొలుసు తెగింది.

ఇనప గుండు గోపురం పొడుగునా కిందికి పడిన చప్పుడు, ఆ వెంట అమ్మ కేక. అద్దాలు ఇంకొంచెం తిరిగి, మెల్లగా, ఆగిపోయాయి. వెలుగు ఒకేచోట నిలబడిపోయింది, సముద్రం మీదికి ఒకటి, నేల మీదికి ఒకటి, రెండు చారలు. ఎంతసేపు ఆగిందో ఇన్నేళ్లుగా లెక్కవేస్తూనే ఉన్నాను, నాలుగైదు నిమిషాలు. ముందు నేను మెట్లమీదికి వంగి అమ్మను పిలిచాను, తగల్లేదు, బాగానే ఉన్నానని పలికింది. తరవాత వెనక్కి తిరిగి ఆగిన అద్దాలను చూశాను. ఆ చూడటమే నేను భరించలేకపోయాను. ఎవరూ చెప్పలేదు, నాన్న ఇంకా లోపలికి రాలేదు, నా భుజం దానంతటదే వెళ్లి ఆ ఇత్తడి చట్రానికి ఆనింది. నెట్టాను. పాదరసం సగం పోయి బరువెక్కింది, అయినా కదిలింది. ఒకటి, రెండు, మూడు, అని లెక్కపెట్టుకుంటూ దాని చుట్టూ నడిచాను. వెలుగు మళ్లీ తిరిగింది. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది. అలాంటి గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు, కలగకుండా చూసుకున్నాను.

నాన్న తడిసి ముద్దయి లోపలికి వచ్చి, నన్ను చూసి, అవతలి వైపు భుజం పెట్టారు. ఇద్దరం తిప్పాం. ఒక అరగంట గడిచి ఉంటుంది, లెక్క నాలుక మీద అలవాటుగా నడుస్తూ ఉండగా, ఏ సంబంధమూ లేకుండా అత్త బిందె నా మనసులో మెదిలింది, ఆ వెంట నేనన్న మాట. లైటు ఆగితే వచ్చేయండత్తా. ఆగింది. ఆగితే నేనే తిప్పాను. నాన్నా, అన్నాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి, ఆయన జీవితమంతా ఎదురుచూసిన పరీక్ష అదేనేమో అన్నట్టు ఉంది మొహం. “లెక్క తప్పకమ్మా, బయట ఏ ఓడ ఉందో,” అన్నారు. ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు ఆపితే వాళ్లు ఆ గాలిలో బయలుదేరి దారిలో చిక్కుకుంటారేమో అనుకున్నాను. ఆపకపోతే ఏమవుతుందో అనుకోలేదు. నేనేం చేశానో నాన్నకి తెలుస్తుందన్న భయం కూడా ఉంది, దాచడం ఎందుకు. పదకొండు, పన్నెండు, అంటూ తిప్పుతూనే ఉన్నాను. కాసేపటికి కింద ఏదో పెద్ద బండి వచ్చి గుద్దుకున్నట్టు గోపురం అదిరింది. అమ్మ పెట్టె వదిలేసి పైకి పరుగెత్తుకొచ్చింది. నీళ్లు మెట్లెక్కుతున్నాయి, అంది.

తెల్లవారేసరికి గాలి పడిపోయింది. మేము ఆదివారం వెలుగులో గాజుల్లోంచి పాలెం వైపు చూశాం. గుడిసెలు కూలిపోయి కనిపిస్తాయనుకున్నాను. కూలిన గుడిసెలు కూడా లేవు. ముప్పై ఇళ్ల ఊరు ఉండిన చోట ఎవరో అరచేత్తో తుడిచినట్టు నున్నటి బురద. నాన్న టోపీ తీసి గుండెకి పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు. ఆ పైన చూసినవేవీ నేను రాయను, చూసినవాళ్లకి తెలుసు, చూడనివాళ్లకి తెలియకపోవడమే మంచిది.

సోమవారం మధ్యాహ్నం అత్త కూతురు వచ్చింది. తుమ్మచెట్టు ముళ్లలో చిక్కుకుని బతికింది, ఒంటి మీద చర్మం అంతటా గీసుకుపోయి ఉంది. చంకలో పిల్లాడు లేడు, అడగడానికి మాకు ధైర్యం లేదు. అమ్మ తన చీర కట్టబెట్టి, మిగిలిన కాసిని నూకలతో గంజి కాచి పోసింది. ఆ పిల్ల గంజి గిన్నె పట్టుకుని, ఏడవకుండా, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది.

“లైటు ఆగింది గదక్కా, అమ్మ గబగబా మూట కట్టింది. పిల్లాణ్ణి నా ఒంటికి గుడ్డతో కట్టింది. వాకిట్లోకి వచ్చాం. అంతలో మళ్లా తిరిగింది. తిరుగుతానే ఉందిగా, పదండి లోపలికి, అని మూట విప్పేసింది.”

నేను అక్కడే ఉన్నాను, దాని పక్కనే, గంజిలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. నింద వెయ్యడానికి చెప్పలేదది, జరిగింది చెప్పింది. అందుకే నేను తట్టుకోలేకపోయాను.

ఆ తరవాత కొన్నాళ్లకి నాన్నకి ఒక ప్రశంసాపత్రం వచ్చింది, అంతటి ఉప్పెనలోనూ వెలుగును చేత్తో తిప్పి నిలబెట్టినందుకు. దాన్ని అద్దం కట్టించి ఎక్కడికి బదిలీ అయినా వెంట తీసుకెళ్లారు, రిటైరయి విజయవాడ వచ్చాక ముందుగదిలో ప్రభువు పటం పక్కన తగిలించారు. వచ్చినవాళ్లకల్లా చూపించి, నాది కాదండీ, మా అమ్మాయిదే ముందు చెయ్యి, అనేవారు. నేను కాఫీ తెస్తానని లోపలికి పోయేదాన్ని. ఆయనకి చెప్పనా అని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే ఆ ఒక్క గర్వం కూడా ఆయనకి మిగలదు. ఆయన ఆ కాగితం కిందనే, అదే గదిలో, ప్రశాంతంగా కన్నుమూశారు. ఇప్పుడది నా బీరువాలో చీరల కింద బోర్లా ఉంది.

నాకు టీచరు ట్రైనింగు సీటు రాలేదు, విజయవాడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. చెవులకి హెడ్‌సెట్టు తగిలించుకుని, ట్రంక్ కాల్స్ కలుపుతూ ముప్పై ఏళ్లు కూర్చున్నాను. తుఫాను మాట వినపడితే చాలు, మిగిలిన కాల్స్ అన్నీ పక్కన పెట్టి ముందు సముద్రం వైపు ఊళ్లకి లైను కలిపేదాన్ని, పెళ్లి సంబంధాలవాళ్లు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లు తిట్టుకునేవారు, సూపర్‌వైజరు మందలించేది. ఎవరేమన్నా వినేదాన్ని కాదు. ఇదంతా బాకీ తీరుతుందని కాదు, ఊరికే ఉండలేక.

అత్త కూతురు మళ్లీ పెళ్లి చేసుకుంది, అదే తీరంలో, కొత్తగా కట్టిన పాలెంలో. పిల్లలు, మనవలు. ఏడాదికోసారి విజయవాడ వస్తే మా ఇంటికొచ్చేది, ఎండురొయ్యలు తెచ్చేది, అక్కా అంటూ అవే కబుర్లు. ఆ శనివారం సంగతి తను ఎత్తేది కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. వెళ్లేటప్పుడు బస్‌స్టాండు దాకా దిగబెట్టి, బస్సు కదిలేదాకా నోటిదాకా వచ్చిన మాటను మింగి వచ్చేదాన్ని.

ఏప్రిల్లో ఆ ఇంజనీరు కుర్రవాడు నన్ను కారు పంపి పిలిపించాడు. ఇప్పుడు గోపురం దాకా తారురోడ్డు ఉంది. గోడలకి కొత్త సున్నం, లోపల మెట్లకి ఇనప కమ్మీ, మా పెంకుటిళ్లు ఉన్న చోట టికెట్ల గది. కింది గదిలో అద్దాల యంత్రం అమర్చారు, ఇత్తడి తళతళలాడుతోంది, నాన్న చూస్తే ఎంత మురిసిపోయేవారో. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో నన్నూ, ఉప్పెనలో బతికిన మనిషిగా అత్త కూతురినీ పక్కపక్కన కూర్చోబెట్టారు, ఇద్దరికీ శాలువాలు కప్పారు. ఉపన్యాసాలయ్యాక గదిలో లైట్లు ఆర్పి యంత్రాన్ని నడిపించారు. సరిగ్గా ఇరవై నాలుగు సెకండ్లు. వెలుగు గోడల మీదుగా, జనం మొహాల మీదుగా వచ్చి, నా పక్కనున్నదాని మొహం మీదుగా వెళ్లింది. జనం చప్పట్లు కొట్టారు. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. అత్త కూతురు నా చెయ్యి పట్టుకుంది.

“ఆపమనక్కా,” అంది.

నేను ఎవరినీ అడగలేదు. లేచి వెళ్లి, ఆ తిరుగుతున్న చట్రానికి రెండు చేతులూ అడ్డం పెట్టి, బరువంతా ఆన్చి నిలబడ్డాను. రెండడుగులు నన్ను ఈడ్చుకెళ్లి ఆగింది. ఇంజనీరు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు, పెద్దావిడకి కళ్లు తిరిగాయనుకున్నట్టున్నాడు. జనంలో గుసగుసలు. నేను అత్త కూతురిని కుర్చీలోంచి లేవదీసి బయట వరండాలోకి తీసుకెళ్లి, గోడవారగా కూర్చోబెట్టి, అక్కడే చెప్పేశాను. ఆ రోజు ఆగిన లైటును మళ్లీ తిప్పింది నేనేననీ, నాన్న కాదనీ, మీ అమ్మకి నేను చెప్పిన మాట మరిచిపోయి తిప్పాననీ, గుర్తొచ్చాక కూడా ఆపలేదనీ, అసలు మిమ్మల్ని అప్పుడే రమ్మనకపోవడానికి కారణం మెట్లు కడగాల్సి వస్తుందన్న నా బద్ధకమనీ. ఒక్కటీ మిగల్చలేదు. అది సముద్రం వైపు చూస్తూ అంతా విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“నువ్వే తిప్పావని తెలుసక్కా, ఆ రోజే తెలుసు. మెరుపు ఒకటి ముందూ ఒకటి వెనకా వస్తోంది. మిషను తిప్పితే అట్టా రాదు. అమ్మ చూసి చెప్పింది, చేత్తో తిప్పుతున్నారే, అమ్మాయిగారు పైనే ఉంది, ఆ పిల్ల దిగకుండా అక్కడుందంటే మనకేం భయం లేదు, అని.”

అని, నా భుజం మీద తల వాల్చింది. అక్కా అని మళ్లీ పిలిచింది, ఆ పిలుపు కోసమే ఇన్నేళ్లు నోరు మూసుకున్నానా అని సిగ్గేసింది. నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

గోపురం పైన ఇప్పుడు అరచేతిలో పట్టేంత దీపం ఉంది, ఎండతోనే నడుస్తుందట, పొద్దు వాలగానే దానంతటదే వెలుగుతుంది, దానంతటదే ఆరిపోతుంది. కీపర్లు లేరు, అవసరమూ లేదు. పాలెంలో ప్రతి చేతిలోనూ ఫోనుంది, గాలి లేవకముందే కబురొస్తుంది, తుఫాను భవనం తలుపులు తెరిచి పెడతారు, బస్సులొస్తాయి. గోపురం వైపు చూసేవాళ్లు లేరు. ఇదే మంచిదని నాకంటే బాగా తెలిసినవాళ్లెవరూ ఉండరు. అయినా ఆ సాయంత్రం కారులో తిరిగొస్తూ వెనక్కి చూస్తే, చీకటిలో ఆ మెరుపు ఎవరికీ పట్టకుండా వచ్చిపోతూ ఉంది. అక్కడ పైన మనకి తెలిసిన మనిషి ఒకతె మేలుకుని ఉందిలే అనుకుని పొందే నిబ్బరం, ఆ తీరంలో ఇంకెవరికీ ఉండదు.